గోడ: కొట్టివేయవలెను

మన భాషలో కొట్టడం అన్న మాటంత పోకిరీది ఇంకొకటి లేదు. తప్పు లెక్కని కొట్టేస్తాం. జాబితాలోంచి పేరు కొట్టేస్తాం. పక్కవాడి పెన్ను కొట్టేస్తాం. చెట్టుని కొట్టేస్తాం, కోపమొస్తే మనిషినీ కొడతాం. ఒక్క మాట ఇన్ని వేషాలు వేస్తుంటే, దాన్ని కాగితం మీద పెట్టేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలా వద్దా? ఆ బడిలో ఎవరూ పెట్టుకోలేదు. అందరికన్నా ముందు పెట్టుకోవాల్సింది లైబ్రరీ మేడమ్. ఆవిడ అసలే పెట్టుకోలేదు.

ఆవిడకి ఆ బడిలో ఇరవై ఒక్కేళ్ళ సర్వీసు. పిల్లలు పెట్టిన పేరు ష్ష్ మేడమ్. మాట తక్కువ, చూపు ఎక్కువ, చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్ను. తప్పు రాసినవాడు పిల్లాడైనా పెద్దమేడమైనా ఒకటే లెక్క. లైబ్రరీ గుమ్మం మీద పెయింటరు 'గ్రంధాలయం' అని రాసిపోతే, ఆ పూటే స్టూలెక్కి, 'ధ'ని 'థ' చేసి దిగిన మనిషి. అక్షరం విషయంలో ఆవిడతో పెట్టుకోకూడదని బడి మొత్తానికి తెలుసు.

ఆ ఏడు యాజమాన్యానికి ఏం బుద్ధి పుట్టిందో ఏమో, రాబోయే పదేళ్ళకి లైబ్రరీ ఎలా ఉండాలో ప్రణాళిక రాసివ్వమన్నారు. ఆవిడకి పట్టపగలు చుక్కలు కాదు, చందమామే కనిపించింది. టేపు పట్టుకుని గదంతా కొలిచింది. ఇరవై ఎనిమిది అడుగుల పొడవు, పద్దెనిమిది వెడల్పు. పీరియడుకి అరవై మంది పిల్లలు, స్టూళ్ళు ఇరవై ఆరు. మిగిలినవాళ్ళు నిలబడి చదువుతారు, లేదా బల్లకింద దూరతారు. ఆరువేల పుస్తకాలు రెండు వరసల్లో కిక్కిరిసి ఉంటాయి. వెనక వరసలో పడ్డ పుస్తకం మళ్ళీ వెలుగు చూడదు. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలేమో చిన్నపిల్లలకి అందనంత ఎత్తులో ఉంటాయి. ఎవడి తెలివో మరి. మూడు నెలలు కూర్చుని పద్నాలుగు అంశాలు రాసింది. కిటికీలు పెద్దవి చేయడం, బల్లలు, పొట్టి బీరువాలు, చెమ్మ పట్టిన గోడలకి మళ్ళీ గిలాబా పూత. అన్నింటికీ ప్రాణం ఏడో అంశం: తూర్పు గోడ తీసేసి, అవతల ఉన్న ఆటల గదిని లైబ్రరీలో కలపడం.

ఆటల గదిలో ఏమున్నాయంటే, గాలిపోయిన బంతులు మూడు, చాపలు, తాళ్ళు, కట్ట కట్టిన హాకీ కర్రలు, డ్రిల్లు మాస్టారు.

ఆయనకీ ఈవిడకీ ఉప్పూ నిప్పూ. ఆయన చేతికి దురదెక్కువ. దెబ్బలు తప్పించుకోవాలంటే పిల్లలకి ఒకటే దారి, లైబ్రరీలో దూరడం. ఆయన గుమ్మం దాకా వచ్చేవాడు, ఈవిడ వేలు పెదాల మీద పెట్టి ష్ష్ అనేది, ఆయన పళ్ళు నూరుకుంటూ వెనక్కి పోయేవాడు. ఆ మర్యాద నిరుడు తప్పింది. ఏడో తరగతి పిల్లని బీరువాల మధ్య నుంచి జడ పట్టుకుని ఈడ్చాడు. పిల్ల నుదురు బీరువా అంచుకి తగిలి చిట్లింది, నెత్తురు తెరిచి ఉన్న పుస్తకం మీద పడింది. ఈవిడ రాసిన ఫిర్యాదు ఎవరి సొరుగులో పడుకుందో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి ఈవిడ కడుపులో ఒక మంట మొదలైంది. పైకి మాత్రం ష్ష్.

మీటింగు రోజున డ్రిల్లు మాస్టారు హాకీ కర్రతో వచ్చాడు. బల్ల చుట్టూ నలుగురే ఉన్నారు. పెద్దమేడమ్, గుమాస్తా, వీళ్ళిద్దరూ. ఆరో అంశం దాకా అంతా సజావుగా నడిచింది. గుమాస్తా ఏడోది చదివాడు.

"నా గది జోలికొస్తే ఊరుకోను," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"మీ గది కాదు, బడి గది. అందులో మూడు బంతులూ మీరూ తప్ప ఏమున్నాయి?"

"పుస్తకాలు చదివి బాగుపడ్డవాళ్ళెంతమందో నిన్ను చూస్తే తెలుస్తోంది."

"పిల్లల నెత్తుళ్ళు కళ్ళజూసి బాగుపడ్డవాళ్ళని కూడా చూస్తున్నాం లెండి."

అంతే. కర్ర లేచి బల్ల మీద పడింది. నాలుగు గాజు గ్లాసులు ఒక్కసారి పగిలాయి. ఒక పెంకు ఎగిరి గుమాస్తా చెంప కోసింది. కందకి లేని దురద కత్తిపీటకన్నట్టు, పాపం ఆయనకి ఏ గొడవా వద్దు, నెత్తురు మాత్రం ఆయనదే కారింది. లైబ్రరీ మేడమ్ చేతికి ఇత్తడి పేపర్‌వెయిటు దొరికింది. విసిరింది. గురి తప్పింది గనక సరిపోయింది, మాస్టారి చెవి ఒరుసుకుంటూ పోయి వెనక గడియారం అద్దం పగలగొట్టింది. ఆయన కుర్చీ తన్నేసి ఈవిడ మీదికి వచ్చాడు. పెద్దమేడమ్ మధ్యలో నిలబడింది.

"మీరు పనిచేసేది బడిలోనా, బరిలోనా? ఇంకొక్క మాట మాట్లాడితే ప్రణాళికే లేదు, చించి పారేస్తాను. పద్నాలుగూ పోతాయి."

లైబ్రరీ మేడమ్ మనసులో పద్నాలుగూ లెక్కేసుకుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకనుకుంది. పదమూడైనా దక్కుతాయి గదా అని, ఇరవై ఒక్కేళ్ళలో మొదటిసారి వెనక్కి తగ్గింది.

"సరే. ఏడో అంశం కొట్టేయండి."

గుమాస్తా ఒక చేత్తో రుమాలు చెంపకి అదుముకుని, రెండో చేత్తో రాసుకున్నాడు. నెత్తురోడుతున్నవాడు వివరంగా ఏం రాస్తాడు? ముక్తసరిగా రాశాడు.

మర్నాడు టైపు కొట్టిన కాగితం సంతకాలకి వచ్చింది. ఇలా ఉంది: 'కిటికీలు: పెద్దవి చేయవలెను. బల్లలు: పన్నెండు చేయించవలెను. గిలాబా: రాల్చి మళ్ళీ పూయవలెను. గోడ: కొట్టివేయవలెను.'

డ్రిల్లు మాస్టారు అప్పటికే సంతకం గీకేశాడు. గెలిచినవాడు కాగితం చదవడు. పెద్దమేడమ్ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చింది, అయినా పెట్టేసింది. మిగిలింది లైబ్రరీ మేడమ్.

ఆవిడ చదివింది. రెండోసారి చదివింది. ఎర్ర పెన్ను మూత తీసింది, 'గోడ' పక్కన 'అంశం' అని ఒక్క మాట చేరిస్తే చాలు. పెన్ను కాగితం దాకా వెళ్ళి ఆగింది. లోపలెక్కడో ఒక నవ్వు పుట్టింది. నిజమైన నవ్వు, చాన్నాళ్ళకి వచ్చింది. నేనన్న మాటే గదా రాశాడు, అక్షరం తప్పు లేదు, సున్నా తప్పు లేదు, దిద్దడానికి ఏముందిలే అనుకుంది. ఎవరో ఒకరు వచ్చి అడక్కపోరు, అప్పుడు చెప్పొచ్చు. అడగకపోతే ఆయన కర్మ. గది గోడ లేకుండా నిలబడ్డాక తిరిగి ఎవడు కడతాడు? ఎర్ర పెన్ను మూత పెట్టి, నీలం పెన్నుతో గుండ్రంగా సంతకం చేసింది.

పని ఒప్పుకున్న మేస్త్రీ ఆవిడ మరిదే, అంటే సొంత చెల్లెలి మొగుడు. ఆ పని ఇప్పించింది కూడా ఆవిడే. చేతిపని బంగారం, అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. గుమాస్తా కాగితం నకలు అతని చేతిలో పెట్టి, పైనుంచి కిందికి వరసగా చేసుకుంటూ రా అన్నాడు.

బడికి పెద్ద సెలవులిచ్చారు. కిటికీలయ్యాయి. పాత గిలాబా రాల్చడం అయింది. గోడ పని మొదలవడానికి ఇంకో రెండు రోజులుందనగా లైబ్రరీ మేడమ్ ఒక్కతే వచ్చి, తూర్పు గోడకి ఆనించిన మూడు బీరువాల్లో పుస్తకాలు దించి, బీరువాలు పడమటి వైపుకి ఈడ్చి, మీద దుప్పట్లు కప్పింది. ఎందుకంటే చెమ్మ, అని తనకి తాను చెప్పుకుంది. తనకి తాను చెప్పుకునే అబద్ధానికి సాక్షులక్కర్లేదు గదా.

గోడ పని రోజున ఆవిడ బడికి వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది. రెండింటికి గుమాస్తా ఫోను చేశాడు.

"గోడ పడింది మేడమ్. కింద మనిషున్నాడు."

"మేస్త్రీనా?"

"డ్రిల్లు మాస్టారు."

రెండు వీధుల దూరం. చెప్పు తెగితే వదిలేసి పరిగెత్తింది. సెలవుల్లో గది ఖాళీగా కనిపిస్తే ఈవిడ ఎక్కడ ఆక్రమిస్తుందోనని ఆయన రోజూ మధ్యాహ్నం లోపల గడియ పెట్టుకుని, చాపల మీద కాపలా పడుకుంటున్నాడట. చెవుల్లో పాటల వైర్లు పెట్టుకుని. మేస్త్రీ తలుపు మూడుసార్లు బాదాడు, లోపలెవరన్నా ఉన్నారా అని కేకేశాడు. తలుపుకి బయట తాళం లేదు, తోస్తే కదల్లేదు. చెమ్మకి బిగుసుకుపోయిందనుకున్నాడు. పైనుంచి ఒక్కో వరసా విప్పుకుంటూ పద్ధతిగానే వచ్చాడు. కానీ ఆ గోడ అడుగున ఎప్పుడో కుళ్ళింది. ఛాతీ ఎత్తుకొచ్చేసరికి మిగిలింది మిగిలినట్టు అటువైపుకి ఒరిగిపోయింది.

ఆవిడ వెళ్ళేసరికి దుమ్ము ఇంకా దిగలేదు. మరిది మోకాళ్ళ మీద కూర్చుని ఒట్టి చేతులతో ఇటుకలు తవ్వుతున్నాడు. గోళ్ళు లేచిపోయాయి. ఆవిడ కూడా పక్కన కూర్చుని తవ్వింది. ముందు చెయ్యి దొరికింది. తర్వాత ముఖం, సున్నంతో తెల్లగా, నోట్లో మట్టి. ఆవిడ వేలు పెట్టి మట్టి తీసింది. ఆయన ఊపిరి పీల్చి, వెంటనే అరిచాడు. ఆ అరుపు మనిషిది కాదు. ఎడమ కాలి మీద దూలం ముక్క పడి ఉంది. నలుగురు కలిసి దాన్ని ఎత్తితే, కింద కాలనేది కాలు ఆకారంలో లేదు. ఎముక తెల్లగా బయటికొచ్చింది, ప్యాంటు గుడ్డ మాంసంలో కూరుకుపోయింది. గుమాస్తా పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాడు. డ్రిల్లు మాస్టారు లైబ్రరీ మేడమ్ చెయ్యి ఆవిడదని తెలియకుండానే గట్టిగా పట్టుకున్నాడు, అంబులెన్సు వచ్చేదాకా వదల్లేదు.

కబురంది పెద్దమేడమ్ వచ్చింది. అంబులెన్సు అటు వెళ్ళగానే ఇటు బడి బస్సు వచ్చి ఆగింది. బస్సు డ్రైవరు డ్రిల్లు మాస్టారికి సొంత అన్న. తమ్ముడు చేతితో కొడితే అన్న చూపుతో కొట్టే రకం. లోపలికి వచ్చాడు, నేల మీద నెత్తురు చూశాడు, ఇటుకల్లోంచి హాకీ కర్ర ఒకటి లాగాడు.

"ఎవడు?"

అందరి కళ్ళూ మేస్త్రీ మీదికి పోయాయి. మొదటి దెబ్బ వీపు మీద, రెండోది మోకాలి వెనక. మేస్త్రీ కూలబడ్డాడు. మూడోది మూతి మీద పడింది. పన్ను ఊడి ఇటుకపొడిలో పడింది. వెంట వచ్చిన ఇద్దరు క్లీనర్లు కాళ్ళతో మొదలుపెట్టారు. మేస్త్రీ చేతులడ్డం పెట్టుకోలేదు, నెత్తురు మింగుతూ ఒకటే మాట అంటున్నాడు.

"కాగితంలో ఉందన్నా. కాగితంలో ఉంది."

గుమాస్తా కాగితం తెచ్చాడు. తన తప్పేమీ లేదని ముందే చెప్పుకోకపోతే ఆయన గుమాస్తా ఎలా అవుతాడు? "కొట్టివేయవలెను అంటే అంశాన్ని కొట్టివేయమని. లేదనుకోమని. చదువు రాని వాడి చేతికి కాగితమిస్తే ఇంతే."

"వినపడిందా?" అన్నాడు డ్రైవరు. మేస్త్రీ కుడి చెయ్యి పట్టి లాగి, పడిన గోడ మొండెం మీద పరిచి, మణికట్టు మీద కాలు పెట్టాడు. "ఈ చేతితోనే గదరా కొట్టావు?"

ఆ చెయ్యి పోతే ఏం పోతుందో లైబ్రరీ మేడమ్‌కి తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. ఆ చెయ్యి మీదే చెల్లెలి ఇల్లు నడుస్తోంది. ఇద్దరాడపిల్లలు, మంచం పట్టిన అత్తగారు, అందరికీ ఆధారం ఆ చెయ్యే. ఒక్క ముక్క చెబితే చాలు. నాకు తెలుసు, చూసీ వదిలేశాను అంటే చాలు. కానీ అన్న మరుక్షణం తనేమవుతుందో కూడా తెలుసు. ఆయన మీద ఇత్తడి పేపర్‌వెయిటు విసిరిన మనిషి, గోడ కావాలని పడగొట్టించిందంటే హత్య చేయబోయిందనే అంటారు. ఇరవై ఒక్కేళ్ళ పేరు, ఆ పదమూడు అంశాలు, అన్నీ ఈ మట్టిలో కలుస్తాయి. భయపడింది, అంతే. భయానికి ఇంకో పేరు పెట్టనక్కర్లేదు.

"ఆగు బాబూ," అంది. "నేనన్నది అంశం కొట్టేయమనే. మీటింగులో అన్నాను, పెద్దమేడమ్‌ని అడుగు. గోడ కూల్చమని నేను అనలేదు."

నిజమే. అక్షరం పొల్లుపోని నిజం. సగం నిజం ఎంత పని చేస్తుందో చూడండి. ఆవిడ మరిదిని కాపాడటానికి నోరు తెరిచింది, ఆ మాట పోయి పోయి మరిది నెత్తినే పడింది. గుమాస్తా తల ఊపాడు, చూశావా అన్నట్టు. అర్థం కాక కూల్చిన మొద్దు మేస్త్రీ అని ఖాయమైపోయింది.

మేస్త్రీ తలెత్తి ఆవిడ వంక చూశాడు. "వదినా?" అన్నాడు.

కర్ర దిగింది. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. మేస్త్రీ అరవలేదు, గొంతులో ఏదో గరగరలాడింది. రెండోసారి దిగబోతుంటే ఆవిడ ఎగిరి ఆ కర్ర పట్టుకుంది.

"నేను చదివాను," అని అరిచింది. జీవితమంతా ష్ష్ అన్న గొంతు అది, పగిలింది. "కాగితం చదివాను. రెండర్థాలూ తెలిశాయి. దిద్దడానికి పెన్ను తీసి కూడా దిద్దలేదు. గోడ పడితే పడనీ అనుకున్నాను. బీరువాలు ముందే జరిపాను, పోయి చూసుకోండి. ఇతనికేం తెలియదు. కొట్టేదుంటే నన్ను కొట్టండి."

దుప్పట్లు కప్పిన మూడు బీరువాలూ పడమటి వైపు నిలబడి ఉన్నాయి. అందరూ అటు చూశారు. డ్రైవరు కర్ర విడిపించుకుని ఆవిడ భుజం మీద ఒక్కటి వేశాడు. ఆవిడ ఇటుకల మీద పడింది. అప్పటికి తెలివొచ్చినట్టు పెద్దమేడమ్, క్లీనర్లు అతన్ని పట్టుకున్నారు. తప్పు చేసినవాళ్ళకి దెబ్బ పడితే మనసు తేలికవుతుందంటారు. ఆవిడకి నొప్పి పెట్టింది, అంతే. ప్రాయశ్చిత్తం గీయశ్చిత్తం ఏమీ అనిపించలేదు.

సాయంత్రం ఆసుపత్రి వసారాలో మందుల వాసన, బెంచీల మీద జనం. డ్రిల్లు మాస్టారి కాలు మోకాలి కింద తీసేశారని లోపలి నుంచి కబురొచ్చింది. మేస్త్రీకి మూడు వేళ్ళు నుజ్జయ్యాయి. రెండు అతుకుతాయేమో చూస్తాం, చూపుడు వేలు మాత్రం మళ్ళీ వంగదు అన్నాడు డాక్టరు. తాపీ పట్టేవాడికి చూపుడు వేలు ఏమిటో డాక్టరుకి చెప్పినవాళ్ళు లేరు.

చెల్లెలు మొగుడి పక్కన కూర్చుని, తడిగుడ్డతో అతని మూతి మీది ఎండిన నెత్తురు తుడుస్తోంది. లైబ్రరీ మేడమ్ వెళ్ళి ఎదురుగా నిలబడింది. మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. మీటింగు, కాగితం, ఎర్ర పెన్ను, నవ్వు, బీరువాలు. ఆఖరికి ఆ సగం నిజం కూడా. ఈసారి ఒక్క ముక్క దాచలేదు. చెంప పగలగొడుతుందనుకుంది. జుట్టు పట్టుకుంటుందనుకుంది. పట్టుకున్నా బాగుండేది.

చెల్లెలు గుడ్డ పిండి, మడత మార్చి, మళ్ళీ తుడుస్తూ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"పొద్దున బయల్దేరేముందు ఈయన ఆ కాగితం నాకు చూపించాడక్కా. డ్రిల్లు సారు ఈ గోడకి ఒప్పుకునే మనిషి కాదే, ఎందుకో మనసు ఒప్పట్లేదు, ఒక్కసారి వదినింటికి వెళ్ళి అడిగొస్తాను అన్నాడు. చెప్పులు కూడా వేసుకున్నాడు. నేనే వద్దన్నాను. కింద అక్క సంతకముంది, మా అక్క చదవకుండా సంతకం పెట్టదు, తప్పుంటే అక్కడే దిద్దేసుండేది, నువ్వు పోయి పని చూసుకో అన్నాను."

మేస్త్రీ కళ్ళు మూసుకుని వింటున్నాడు. కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

చెల్లెలు అప్పుడు తలెత్తింది.

"చదివే పెట్టావన్నమాట," అంది.